నాలుగు రోజుల్లో టెక్సాస్ చుట్టేద్దాం అనుకుంటున్నారా, ముందు ఎల్ పాసో తీసేయండి

మీ ప్లాన్ నాకు అర్థమైనంత వరకు ఇదీ. డిసెంబర్ మూడో వారంలో విజయవాడ నుంచి మీరు, మీ ఆవిడ, ఆరేళ్ల బాబు, అమ్మగారు హ్యూస్టన్ పక్కన కేటీలో బావగారింట్లో దిగుతున్నారు. అక్కణ్ణుంచి కారేసుకుని శాన్ ఆంటోనియో, బిగ్ బెండ్ నేషనల్ పార్కు, ఎల్ పాసో, వచ్చేటప్పుడు డల్లాస్ చూసుకుని మళ్ళీ కేటీ, అంతా కలిపి నాలుగు రోజులు. "నెలకి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తా, పన్నెండేళ్ల డ్రైవింగ్, అక్కడ నడపడం కష్టమా" అని అడిగారు.

నడపడం కష్టం కాదండీ. హైదరాబాద్ హైవే మీద రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్ని తప్పించుకున్నవాడికి ఇక్కడ రోడ్లు ఒక లెక్క కాదు. మ్యాపే మోసం చేస్తుంది. ఫోన్లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. నేనొచ్చి 17 ఏళ్లయింది, మొదట హ్యూస్టన్, తర్వాత ఆస్టిన్ పక్కన, అయినా ఇప్పటికీ పశ్చిమం వైపు వెళ్లేటప్పుడు గంటలు లెక్క తప్పుతుంటాను.

ఒకసారి లెక్క చూడండి. ఆంధ్రా, తెలంగాణ కలిపితే సుమారు 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు, టెక్సాస్ ఒక్కటే 6.95 లక్షలు, అంటే మన రెండూ కలిపినదానికి రెండున్నర రెట్లు. ఐ-10 హైవే ఈ ఒక్క రాష్ట్రంలోనే 880 మైళ్లు నడుస్తుంది, 1,400 కిలోమీటర్ల పైమాట. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన కోస్తా అంతా కొట్టినా వెయ్యి కిలోమీటర్ల చిల్లరే కదా. ఎల్ పాసోలో ఉన్నవాడికి ఇదే రాష్ట్రంలో తూర్పు చివరున్న ఆరెంజ్ ఊరి కన్నా లాస్ ఏంజెలిస్ దగ్గర, నమ్ముతారో లేదో. మీరు రాసిన రూట్ మొత్తం కలిపితే 1,800 మైళ్లు తేలింది, 2,900 కిలోమీటర్లు. నాలుగు రోజులతో భాగిస్తే రోజుకి ఏడెనిమిది గంటలు స్టీరింగ్ పట్టుకునే ఉండాలి, మధ్యలో బాబు బాత్రూమ్‌లు, అమ్మగారి మోకాళ్లు, భోజనాలు వేరే. డిసెంబర్లో ఆరు లోపే చీకటి పడిపోతుంది. ఇంక చూసేదెప్పుడు?

అందుకే నా సలహా, ఎల్ పాసో తీసేయండి, డల్లాస్ కూడా తీసేయండి (డల్లాస్‌లో చుట్టాలుంటే ఇంకోసారి ఫ్లైట్‌లో వెళ్లండి, కేటీ నుంచి కారులో నాలుగు గంటలు పోయి చూసేది మళ్ళీ మన హోటళ్లూ మన గుళ్లే). నాలుగు రోజుల్ని ఏడు చేయండి. చీకటి పడ్డాక మాత్రం ఊరు బయట నడపొద్దు. ఇదొక్కటి పట్టుకుంటే మిగతావి ఎలాగైనా సర్దుకుంటాయి.

చీకటి గురించి ఎందుకింత చెప్తున్నానంటే, నవంబర్లో ఒకసారి జంక్షన్ అనే ఊరికి ఇంకో పది మైళ్లు ఉందనగా, సాయంత్రం ఆరున్నర అయుంటుంది, రోడ్డు పక్కన జింక కనబడింది. బ్రేకేశాను, అది దాటిపోయింది, హమ్మయ్య అనుకుని మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కాను. దాని వెనకాలే ఇంకోటి ఉంది. చప్పుడు పెద్దగా కూడా రాలేదు, బస్తా పడ్డట్టు ధబ్ అని, అంతే, బానెట్ పైకి లేచింది, రేడియేటర్ నీళ్లు రోడ్డు మీద ఆవిర్లు కక్కుతున్నాయి. ఎవరికీ ఏం కాలేదు. కానీ చుట్టూ ఒక్క లైటు లేదు, ఫోన్లో ఒక గీత సిగ్నలు, టో ట్రక్ వచ్చేసరికి గంటా యాభై నిమిషాలు. ఆ ట్రక్ డ్రైవరు చెప్పాడు, ఒకటి దాటిందంటే ఇంకోటి ఉన్నట్టే లెక్క వేసుకోవాలి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాటి జతకట్టే కాలం, రోడ్డూ గీడ్డూ చూసుకోవు అని. మీరొచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఇంకోటి, జింక అడ్డమొస్తే బ్రేక్ వేయండి గానీ స్టీరింగ్ తిప్పొద్దు, జింకని తప్పించబోయి బోల్తా కొట్టినవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు.

కాగితాలు. లైసెన్స్ ఒరిజినల్ కార్డు తెచ్చుకోండి, డిజీలాకర్లో ఉంది కదా అంటే ఇక్కడ కుదరదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ బయల్దేరే ముందే మన ఆర్టీఏ ఆఫీసులో తీసుకోండి, ఏడాది పనికొస్తుంది, ఇక్కడికి వచ్చాక దొరకదు. మన లైసెన్సులో ఇంగ్లీషు ఉంది కదా ఎందుకు అంటారు చాలామంది, నిజమే, కొన్ని రెంటల్ కౌంటర్లలో అడగరు కూడా, కానీ రాత్రి పది గంటలకి చిన్న ఊళ్ళో పోలీసు అడిగినప్పుడు ఆ బుక్కు ఉంటే మాటలు తగ్గుతాయి. కారు అద్దెకి తీసుకుంటే నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. ఇన్సూరెన్స్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ఈ రాష్ట్రంలో చట్టం అడిగే కనీస లయబిలిటీ (మన తప్పయితే ఎదుటివాళ్లకి కట్టే కవరు) మనిషికి 30 వేల డాలర్లు, యాక్సిడెంట్‌కి 60 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 25 వేలు, ఇక్కడి హాస్పిటల్ బిల్లుల ముందు అదేపాటి? పై లయబిలిటీ కవరూ, కారు డ్యామేజీ కవరూ రెండూ తీసుకోండి. బావగారి కారు వాడుకుంటే ఆయన్ని తన ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక్క ఫోన్ చేసి, ఇండియా నుంచి వచ్చిన మా బావమరిది నడుపుతాడు, కవర్ అవుతుందా అని అడగమనండి, మొహమాటపడొద్దు. బాబుకి చైల్డ్ సీటు తప్పనిసరి, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి (ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప), అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అనే మాటే లేదు ఇక్కడ.

ఇంకో ముఖ్యమైనది. బిగ్ బెండ్ అంటే మెక్సికో బోర్డర్, రియో గ్రాండే నది అవతల గట్టు వేరే దేశం. అక్కణ్ణుంచి పైకి వచ్చేటప్పుడు మారథాన్ వైపు వచ్చినా ఆల్పైన్ వైపు వచ్చినా బోర్డర్ పట్రోల్ (సరిహద్దు పోలీసుల) చెక్‌పోస్ట్ తగులుతుంది, ఒక కుక్క, ఒక ఆఫీసరు, యూఎస్ సిటిజన్సా అని అడుగుతారు. కాదు సార్, ఇండియా నుంచి విజిట్‌కి వచ్చాం అని నలుగురి పాస్‌పోర్టులూ, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన ఎంట్రీ రికార్డు) ప్రింటూ చేతికివ్వండి, రెండు నిమిషాల్లో పొమ్మంటారు. పాస్‌పోర్టులు బావగారింట్లో బీరువాలో భద్రంగా పెట్టి వస్తే మాత్రం ఆ రెండు నిమిషాలు ఎంతసేపు అవుతుందో చెప్పలేను. పార్కులో బొకియాస్ దగ్గర పడవెక్కి మెక్సికో ఊళ్ళోకి వెళ్లొచ్చే సరదా ఒకటుంది, వీసా మల్టిపుల్ ఎంట్రీ కాకపోతే ఆ పడవ వైపు చూడొద్దు, అయినా సరే అమ్మగారితో అవసరమా అంటాను నేను.

రోడ్డు మీద పద్ధతులు. కుడివైపు నడపడం అరగంటలో అలవాటైపోతుంది, ఖాళీ పార్కింగ్‌లోంచి ఎడమకి తిరిగేటప్పుడే చెయ్యి పాత అలవాటుకి పోతుంది, అప్పుడు పక్కన ఆవిడని "కుడి, కుడి" అనమనండి. ఐ-10 మీద కెర్‌విల్ దాటాక స్పీడ్ లిమిట్ 80 మైళ్లు, అంటే గంటకి దాదాపు 130 కిలోమీటర్లు, ఎడమ లేను ఓవర్‌టేక్‌కే. హైవే పక్కన సర్వీసు రోడ్డు ఉంటుంది, ఫ్రంటేజ్ రోడ్ అంటారు, చిన్న ఊళ్ళ దగ్గర అది టూ వే కూడా ఉంటుంది, హైవే దిగొచ్చే కారుకి మీరే ఆగి దారివ్వాలి, బోర్డు ఉంటుంది, మనవాళ్లు చూడరు. సింగిల్ రోడ్ల మీద ముందున్న పికప్పు వాడు తనంతట తనే షోల్డర్ (రోడ్డు అంచు) మీదకి జరిగి మీకు దారిస్తాడు, దాటాక చెయ్యెత్తండి, వాడు స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేపుతాడు. తిట్టు కాదు, చూపుడువేలు, అది అక్కడి నమస్కారం.

స్పీడు టికెట్లు ఎక్కడ పడతాయంటే, 75 మీద పోతూ ఉంటారు, చిన్న ఊరొస్తుంది, 55, ఆ వెంటనే 35 బోర్డు. మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు అలాంటి ఊళ్ళోనే పట్టుకున్నారు. ఎర్రా నీలం లైట్లు కనబడగానే పక్కకి ఆపాను. నేను సీటు బెల్టు మీద చెయ్యి కూడా వేయలేదు, ఆయన రిటైర్డు హెడ్మాస్టరు, తలుపు తీసుకుని దిగి, షర్టు జేబులో కళ్లజోడు సర్దుకుంటూ పోలీసు కారు దగ్గరికి నడుచుకుంటూ వెళ్తున్నారు, మన దగ్గర బండి ఆపితే వెళ్లి మాట్లాడతాం చూడండి అలా. మైకులో అరుపు, కార్లోకి వెళ్లు అని. ఆ పోలీసు చెయ్యి నడుం దగ్గరికి పోవడం అద్దంలో చూశాను, నా నోట్లో తడి ఆరిపోయింది. "నాన్నా, ఎక్కు, ఎక్కు" అని తెలుగులో అరిచాను. తర్వాత ఆ పోలీసే నవ్వి, పెద్దాయనకి చెప్పు అని వార్నింగ్‌తో వదిలేశాడు, నాన్నగారు మాత్రం ఊరొచ్చేదాకా "మర్యాదగా మాట్లాడదామనే కదరా దిగాను" అంటూనే ఉన్నారు. కాబట్టి ఆపితే ఎవరూ దిగొద్దు, ఇంజిన్ ఆపండి, కిటికీ దించండి, చేతులు స్టీరింగ్ మీద, కాగితాలు అడిగాక మాత్రమే, అదిగో అందులో ఉన్నాయి తీస్తున్నా అని చెప్పి తీయండి. ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి, అమ్మగారితో సహా.

పెట్రోలు. ఇక్కడ గ్యాస్ అంటారు. పంపు దగ్గర కార్డు పెడితే జిప్ కోడ్ అడుగుతుంది, మన ఇండియా కార్డుకి ఆ అయిదంకెల కోడ్ ఉండదు, విజయవాడ పిన్ కొడితే తీసుకోదు. గాభరా పడకుండా లోపలికెళ్లి, పంప్ నంబర్ చెప్పి, నలభై డాలర్లు అని కట్టి వచ్చి పట్టుకోండి, మిగిలింది వెనక్కిస్తారు. ఆకుపచ్చ పిడి చాలా చోట్ల డీజిల్, అది ముట్టుకోవద్దు, 87 అని ఉన్న రెగ్యులర్ చాలు. శాన్ ఆంటోనియో దాటాక ట్యాంకు సగానికొస్తే నింపెయ్యడమే, ముప్పావు ఉంది కదా అని దారిలో ఒజోనా ఊరు వదిలేసినా పర్లేదు గానీ సగం ఉండి వదలొద్దు, అక్కణ్ణుంచి ఫోర్ట్ స్టాక్‌టన్ దాకా నూరు మైళ్లు, మధ్యలో నమ్ముకోదగ్గ బంకు లేదు. అలాగే మారథాన్‌లో నింపాలి, అక్కణ్ణుంచి పార్కు లోపల పాంథర్ జంక్షన్ 70 మైళ్లు. ఆ దారిలో ఫోన్ ఉత్త టార్చి లైటే, మ్యాపులు ఆఫ్‌లైన్లో దించుకోండి.

ఇక రూటు. మొదటిరోజు తెల్లారి లేచి కేటీ నుంచి శాన్ ఆంటోనియో, మూడు గంటల లోపే, దారిలో లూలింగ్ దగ్గర బకీస్ అనే పెద్ద గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగండి. ఉడుత బొమ్మ అనుకుంటారు, బీవర్ అది. 2024లో కట్టిన కొత్తది 75 వేల చదరపు అడుగులు, 120 పంపులు, బాత్రూమ్‌లు మాత్రం మన ఫంక్షన్ హాలు కన్నా శుభ్రం, అమ్మగారు ఇదే టూరిస్టు ప్లేసు అనుకున్నా ఆశ్చర్యం లేదు. అలామో ఫ్రీ, కానీ టైము టికెట్ ఆన్‌లైన్లో తీసుకోవాలి, 1836లో ఇక్కడ జరిగిన యుద్ధం గురించి ఒక పావుగంట చదువుకుని వెళ్తే ఆ చిన్న రాతి కట్టడం అర్థమవుతుంది, లేకపోతే "దీనికా ఇంత" అంటారు. సాయంత్రం రివర్ వాక్, క్రిస్మస్ లైట్లు ఉంటాయి, రాత్రి అక్కడే.

రెండోరోజు పెద్ద డ్రైవు, ఆల్పైన్ దాకా అయిదున్నర, ఆరు గంటలు, పొద్దున ఏడింటికల్లా రోడ్డెక్కాలి. కెర్‌విల్ దాకా గుట్టలు, చెట్లు. కెర్‌విల్ పక్కన పారే గ్వాడలూపే నదే 2025 జూలై 4న రాత్రికి రాత్రి పొంగి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. డిసెంబర్లో అంత వానలుండవు గానీ చిన్న రోడ్ల మీద కాలువలు దాటేచోట అడుగుల కొలత రాసిన కర్రలుంటాయి, రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతెంతో చూద్దాం అని దిగొద్దు, వెనక్కి తిప్పేయండి. సోనోరా దాటాక చెట్లు పొట్టివైపోతాయి, తర్వాత అవీ పోతాయి, కొండల మీద గాలిమరలు, అంతే. బాబు బోర్ అంటాడు. ఫోర్ట్ స్టాక్‌టన్‌లో పెద్ద రోడ్‌రన్నర్ పక్షి బొమ్మ ఉంది, అక్కడ ఫోటో దించి చాక్లెట్ చేతిలో పెడితే ఆల్పైన్ దాకా నెట్టుకొస్తాడు.

మూడు, నాలుగు రోజులు బిగ్ బెండ్‌కే. నలుగురికీ రూము పార్కు పక్కనున్న టెర్లింగ్వా ఊళ్ళో దొరికితే అదృష్టం, లేకపోతే ఆల్పైన్ నుంచి రోజూ పోను 80 మైళ్లు, రాను 80 మైళ్లు, అది చీకటి రూల్‌కి ఇబ్బంది, కాబట్టి టెర్లింగ్వా కోసం ఇప్పుడే వెతకండి. పార్కు లోపల కొండల మధ్య ఉన్న చిసోస్ బేసిన్‌లో పెద్ద నిర్మాణ పనులు పెట్టుకున్నారు, ఆ రోడ్డు తెరిచుందో లేదో పార్కు వెబ్‌సైట్లో చూసుకునే వెళ్లండి. తెరిచుంటే అమ్మగారికి విండో వ్యూ చాలు, సిమెంటు బాట, పావు మైలు చిల్లర, బెంచీ మీద కూర్చుని రెండు కొండల మధ్య సూర్యాస్తమయం చూడొచ్చు. శాంటా ఎలీనా కాన్యన్ మాత్రం వదలొద్దు, 1,500 అడుగుల రాతి గోడ నిలువునా చీలి మధ్యలోంచి నది వస్తుంది, ఎడమ గోడ మెక్సికో, కుడి గోడ అమెరికా. బాటకి ముందు చిన్న వాగు దాటాలి, కాళ్లు తడుస్తాయి, ఇంకో జత చెప్పులు పెట్టుకోండి.

రాత్రి ఆకాశం కోసమే నేను మళ్ళీ మళ్ళీ వెళ్తాను. అమ్మని తీసుకెళ్లినప్పుడు రూము బయట ప్లాస్టిక్ కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుంది, అయిదు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "అదిగోరా పిల్లలకోడి, అదిగో గొల్లకావడి" అని వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. నేను ఫోన్లో యాప్ తీసి కృత్తికలు, ఒరాయన్ అని వెతుక్కుంటున్నాను. నాకా పేర్లు ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, చెప్పడానికి మా అపార్ట్‌మెంట్ మీంచి అవి కనబడితే కదా.

అయిదోరోజు ఫోర్ట్ డేవిస్, మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో స్టార్ పార్టీ (టెలిస్కోపుల్లో నక్షత్రాలు చూపించే కార్యక్రమం) టికెట్లు ముందే అయిపోతాయి, తారీఖులు చూసి దానికి తగ్గట్టే ప్లాన్ జరపండి. కొండ మీద రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది, మంకీ క్యాపు తెచ్చుకోండి, ఎవరూ నవ్వరు. కొండ దిగేటప్పుడు చీకటే, ఈ ఒక్కదానికి నా రూలు నేనే తప్పుతాను, అరగంట దారి, ముప్పై మైళ్ల స్పీడులో రండి. దగ్గర్లోని మార్ఫా ఊరి దెయ్యం లైట్లు అని ఎవరో ఒకరు చెప్తారు, నేను మూడుసార్లు వెళ్లాను, నాకు లారీ హెడ్‌లైట్లే కనబడ్డాయి.

ఆరోరోజు బాల్మోరియా, ఎడారి మధ్యలో ఊటనీళ్ల కొలను, 1930ల్లో కట్టింది, ఏడాది పొడుగునా నీళ్లు 22 నుంచి 24 డిగ్రీలే, చేపలు కాళ్ల మధ్యలోంచి పోతుంటాయి, బాబుకి ట్రిప్ మొత్తంలో ఇదే గుర్తుంటుంది. అక్కణ్ణుంచి చీకటిలోపు కెర్‌విల్, ఏడోరోజు మెల్లగా ఇల్లు.

తిండి సంగతి, శాకాహారులైతే ఫోర్ట్ స్టాక్‌టన్ తర్వాత మెక్సికన్ హోటళ్లే గతి, బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు కొన్నిచోట్ల, లార్డ్ ఉందా అని అడిగి తీసుకోండి. నేనైతే చిన్న రైస్ కుక్కరు, గోంగూర సీసా, పెరుగు డబ్బా ఐస్ బాక్సులో. చాలా మోటళ్లు గుజరాతీ వాళ్లవే, ఒకచోట కుక్కరు వాసనకి ఓనరు పెద్దావిడ తలుపు కొట్టింది, తిడుతుందేమో అనుకున్నాం, పచ్చిమిరపకాయలున్నాయా అని అడగడానికి వచ్చింది.

మర్చిపోయాను, బావగారి కారైతే డిక్కీ తీసి స్పేర్ టైరు ఉందో లేదో చూడమనండి. ఈ మధ్య కొత్త కార్లలో గాలి కొట్టే చిన్న డబ్బా ఒకటి పెట్టి వదిలేస్తున్నారు, టెర్లింగ్వా దగ్గర రాయి తగిలి టైరు పక్క చీలిందంటే ఆ డబ్బా ఎందుకూ పనికిరాదు.